అధిశోషణ అంకెల పక్కన తయారీ వివరాలూ అచ్చువేయండి

సంపాదకులకు,

నమస్కారం. ‘ఫలానా ఖనిజం గ్రాముకు ఇన్ని మిల్లీమోల్‌ల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతుంది’, ‘ఫలానా బంకమన్నుకు గ్రాముకు ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంది’ అనే వార్తలు సైన్సు పేజీల్లో తరచుగా వస్తున్నాయి. ఇలా ఒక పదార్థం తన ఉపరితలం మీద వాయువును పట్టి ఉంచడాన్నే అధిశోషణ అంటారు. వాయువులను వేరుచేసే, నిల్వచేసే పదార్థాల మీద పాఠకులకు ఆసక్తి పెరగడం సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ అంకె వెంట రావాల్సిన సమాచారం మాత్రం రావడం లేదు. కొలతకు ముందు ఖనిజాన్ని ఎలా నలగ్గొట్టారు, ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచి ఖాళీ చేశారు, తూకం ఎప్పుడు వేశారు అన్నవి తెలియకుండా ఆ అంకెను ఇంకో అంకెతో పోల్చడం కుదరదు. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ ఇదే లోపం కనిపిస్తోంది. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కూడా పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాం.

రంధ్రాలున్న ఖనిజం చేతికి వచ్చేసరికి దాని రంధ్రాలు ఖాళీగా ఉండవు. 1756లో స్వీడన్ ఖనిజశాస్త్రవేత్త ఆక్సెల్ క్రాన్‌స్టెట్ ఒక జియోలైట్‌ను (సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌ల చట్రంలో సన్న రంధ్రాలుండే ఖనిజాన్ని) ఊదుగొట్టపు మంటలో పెడితే అది నురగలు కక్కింది. బయటికి వచ్చింది లోపల దాగిన నీరే. మామూలు గాలిలో పడి ఉన్న క్లైనోప్టిలోలైట్ అనే సహజ జియోలైట్ బరువులో 13 నుంచి 15 శాతం దాకా నీరు ఉంటుంది. కృత్రిమంగా తయారయ్యే 13ఎక్స్ జియోలైట్ అయితే తన పొడి బరువులో నాలుగో వంతుకు పైగా నీటిని తాగేస్తుంది. రంధ్రాల గోడల దగ్గర ఉన్న సోడియం, కాల్షియం అయాన్లు నీటి అణువులను కార్బన్ డయాక్సైడ్ కంటే, నైట్రోజన్ కంటే చాలా గట్టిగా పట్టుకుంటాయి. అందుచేత ప్రయోగంలో వాయువుకు దొరికే చోటంతా ముందుగా మనం నీటిని తరిమి కల్పించినదే. ఎంత తరిమామో అంతే కొలుస్తాం. తరమడంలో తొందరపడి గోడలే కూల్చేస్తే, మిగిలిన శిథిలాన్ని కొలుస్తాం.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ ఖనిజం ఏమిటో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో, అంటే స్ఫటికం మీద పడిన ఎక్స్‌రేలు ఏ కోణాల్లో చెదురుతాయో చూసే పరీక్షతో తేల్చుకోవడం. సీసా మీద ‘సహజ జియోలైట్’ అని ఉంటే అందులో క్లైనోప్టిలోలైట్‌తో పాటు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బంకమన్ను, కాల్సైట్, అగ్నిపర్వత గాజు ఎంతైనా ఉండొచ్చు. సగం క్వార్ట్జ్ ఉన్న నమూనా సగమే పీల్చుకుంటే ఆ తప్పు జియోలైట్‌ది కాదు.

ఎక్స్‌రే పరీక్ష ముందే చేయమనడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. సహజ జియోలైట్లలో ఎరియోనైట్ అని ఒకటుంది. సన్నని నార రూపంలో పెరుగుతుంది. టర్కీలోని కప్పడోసియా ప్రాంతపు కొన్ని పల్లెల్లో ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా క్యాన్సర్ విపరీతంగా ఉండటానికి ఇదే కారణమని తేలింది. 1987లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయినవాటిలో చేర్చింది. అగ్నిపర్వత బూడిద పొరల్లో దొరికే జియోలైట్లలో ఇది కొద్దిగా కలిసి ఉండే అవకాశం ఉంది. రాగి కె-ఆల్ఫా కిరణంతో తీసిన ఎక్స్‌రే గ్రాఫులో 7.7 డిగ్రీల దగ్గర, అంటే స్ఫటిక పొరల మధ్య 11.5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) దూరానికి చిన్న శిఖరం కనిపించినా పని ఆపాలి. ఆ నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసిన తరవాతే ముందుకు వెళ్లాలి. క్లైనోప్టిలోలైట్ తొలి శిఖరం 9.8 డిగ్రీల దగ్గర వస్తుంది కాబట్టి రెండిటినీ కలగాపులగం చేసుకునే ప్రమాదం లేదు. ఎక్స్‌రేకు ఇచ్చే ఆ చిటికెడు పొడిని కూడా ధూళి లేవకుండా తడిపి, ఫ్యూమ్ హుడ్‌లోనే నూరాలి. క్వార్ట్జ్ ధూళి కూడా ఊపిరితిత్తులకు హానికరమే కనుక ఎరియోనైట్ లేదని తేలాక సైతం ముక్కుకు సరైన మాస్కు ఉండాల్సిందే. గుడ్డ మాస్కు ఇందుకు పనికిరాదు.

ఖనిజం పేరు తేలాక అది ఎంత వేడిని తట్టుకుంటుందో తెలుసుకోవాలి. ఇక్కడే ఎక్కువ నమూనాలు పాడవుతున్నాయి. హ్యులాండైట్, క్లైనోప్టిలోలైట్ రెండిటి స్ఫటిక చట్రం ఒకటే. ఎక్స్‌రే గ్రాఫులు కవలల్లా ఉంటాయి. తేడా సిలికాన్, అల్యూమినియం నిష్పత్తిలోనూ, లోపలి అయాన్లలోనూ ఉంది. సిలికా ఎక్కువగా, సోడియం, పొటాషియం ఎక్కువగా ఉన్న క్లైనోప్టిలోలైట్‌ను 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచినా గ్రాఫు చెక్కుచెదరదు. కాల్షియం ఎక్కువగా ఉన్న హ్యులాండైట్ అదే పరీక్షలో కుప్పకూలుతుంది. దాని శిఖరాలు 250 డిగ్రీల ప్రాంతంలోనే జరగడం మొదలుపెడతాయి. ఈ రెండిటినీ వేరుచేయడానికి 1960 నుంచి వాడుతున్న పరీక్ష ఇదే. ఒక గ్రాము పొడి, ఒక రాత్రి ఫర్నేసు చాలు. ఈ మాత్రం చేయకుండా ‘జియోలైట్ కదా’ అని 350 డిగ్రీలు పెట్టేసి, తరవాత ‘ఈ ఖనిజం వాయువును పట్టుకోదు’ అని రాసేయడం ఆ ఖనిజానికి అన్యాయం.

బంకమన్నులది మరో కథ. మాంట్‌మొరిల్లొనైట్ పొరల మధ్య నీరు పోగానే పొరలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. పొరకూ పొరకూ దూరం 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు కాస్త తక్కువకు దిగిపోతుంది. నైట్రోజన్ అందులోకి దూరలేదు. పొరల రెండు ముఖాలూ లెక్కేస్తే గ్రాముకు 750 చదరపు మీటర్ల పైచిలుకు రావాల్సినది, నైట్రోజన్ కొలతలో చాలాసార్లు వంద లోపే వస్తుంది. ఆ రెండు అంకెలూ నిజమే, ఏది దేన్ని కొలిచిందో చెప్పాలి, అంతే. సెపియొలైట్‌లో నార పొడవునా సన్నని సొరంగాలు ఉంటాయి. సొరంగంలో వదులుగా ఉన్న నీరు దాదాపు 100 డిగ్రీలకే పోతుంది. మెగ్నీషియానికి అంటిపెట్టుకున్న నీటిలో సగం పోయేసరికి మాత్రం చట్రం ముడుచుకుని సొరంగాలు మూసుకుంటాయి. వాక్యూమ్‌లో ఈ ముడుచుకోవడం గాలిలో కంటే తక్కువ వేడికే జరుగుతుంది. గాలిలో వేడిచేస్తూ తీసిన బరువు తగ్గుదల గ్రాఫు చూసి వాక్యూమ్‌కు ఉష్ణోగ్రత నిర్ణయించకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. సెపియొలైట్, పాలిగోర్‌స్కైట్‌లకు 100 నుంచి 120 డిగ్రీలు దాటకపోవడం మేలు. హాలోయ్‌సైట్ ఇంకా సున్నితం. దాని 10 ఆంగ్‌స్ట్రామ్‌ల తడి రూపం కొద్దిపాటి వేడికే, పొడి గాలికే 7 ఆంగ్‌స్ట్రామ్‌ల రూపంలోకి మారి మళ్లీ వెనక్కి రాదు. దాన్ని తడిగా మూసి ఉంచిన డబ్బాలోనే నిల్వచేయాలి. నమూనాలో జిప్సం కలిసి ఉంటే వాక్యూమ్‌లో వేడిచేస్తున్నంతసేపూ అది తన నీటిని వదులుతూనే ఉంటుంది, పీడనం ఎంతకీ దిగదు, పంపు చెడిపోయిందేమోనని మనం పంపును విప్పుతాం.

నలగ్గొట్టడంలో ఒక్క సూత్రం: తక్కువ కొట్టు, ఎక్కువ జల్లించు. బాల్ మిల్లులో గంటలకొద్దీ తిప్పితే స్ఫటికాల అంచులు చితికి గాజులా క్రమం లేని పదార్థం ఏర్పడుతుంది, సన్న రంధ్రాలు మూసుకుంటాయి. అగేట్ కల్వంలో కొద్దికొద్దిగా నలిపి, ప్రతిసారీ జల్లెడ పట్టి, పైన మిగిలినదాన్నే మళ్లీ నలపాలి. వాయు ప్రయోగానికి 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల పలుకులు బాగా నప్పుతాయి. మరీ మెత్తని పొడి వాక్యూమ్ తెరవగానే ఎగిరి వాల్వులోకి పోతుంది. జల్లెడ దిగని గట్టి ముక్కలను మాత్రం పారేయకూడదు. గట్టిదనమంతా క్వార్ట్జ్‌దీ ఫెల్డ్‌స్పార్‌దీ అయితే, వాటిని పారేసిన కొద్దీ నమూనా అసలు రాయి కంటే మెరుగైనదిగా తేలుతుంది. అన్నీ జల్లెడ దిగేదాకా నలపాలి, లేదంటే ఎంత పారేశారో రాయాలి.

శుద్ధిచేయడం అవసరమా అన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. రాయిని ఉన్నదున్నట్టుగా వాడబోతే శుద్ధి చేయకూడదు, ఖనిజం స్వభావం తెలుసుకోవాలంటే చేయాలి. కాల్సైట్ తీయడానికి చాలామంది నేరుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తారు. కాల్సైట్‌తో పాటు చట్రంలోని అల్యూమినియం కూడా కరిగిపోతుంది. అల్యూమినియం ఎక్కువగా ఉన్న జియోలైట్లయితే జెల్లీ అయిపోతాయి. పీహెచ్ 5 దగ్గర నిలిపిన సోడియం అసిటేట్, అసిటిక్ ఆమ్లం ద్రావణంలో గోరువెచ్చగా ఉంచి, బుడగలు ఆగేదాకా ద్రావణం మారుస్తూ పోతే కాల్సైట్ పోతుంది, చట్రం మిగులుతుంది. సేంద్రియ పదార్థం ఉంటే 10 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలపాలి. పాత్రలో మూడొంతులు ఖాళీగా ఉండాలి. మాంగనీస్ ఆక్సైడ్ ఉన్న మట్టిలో పెరాక్సైడ్ ఒక్కసారిగా పొంగి బయటికి దూకుతుంది.

బంకమన్నులో రెండు మైక్రాన్లలోపు భాగాన్ని వేరుచేయాలంటే నీటిలో కలిపి నిలవనిస్తే చాలు. 20 డిగ్రీల నీటిలో రెండు మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 7 గంటల 45 నిమిషాలు పడుతుంది. అప్పటికి పై 10 సెంటీమీటర్ల నీటిలో మిగిలినదంతా అంతకంటే సన్నదే. దాన్ని సైఫన్‌తో మెల్లగా తీసుకోవాలి. వేడి నీటిలో రేణువులు త్వరగా దిగుతాయి కాబట్టి గది ఉష్ణోగ్రత రాసిపెట్టుకోవాలి.

అయాన్ల సంగతి ఎక్కువమంది వదిలేస్తారు. ఎ-రకం జియోలైట్‌లో సోడియం ఉంటే ద్వారం 4 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాషియం పెడితే 3, కాల్షియం పెడితే 5. చట్రం అదే, ద్వారం దగ్గర నిలబడిన అయాన్ మారింది. సహజ ఖనిజంలో ఈ అయాన్లన్నీ కలగలిసి ఉంటాయి, గని గనికీ పాళ్లు మారతాయి. పోల్చదగ్గ ఫలితం కావాలంటే ముందు అన్నిటినీ ఒకే అయాన్‌కు మార్చుకోవాలి. గ్రాముకు 30 నుంచి 50 మిల్లీలీటర్ల చొప్పున ఒక మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం పోసి, 80 నుంచి 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కలియబెట్టి, ద్రావణం పారబోసి, కొత్తది పోసి, నాలుగైదు సార్లు ఇలా చేయాలి. ఒకేసారి పెద్ద గిన్నెడు పోసి వదిలేసేకంటే కొద్దికొద్దిగా మార్చడం వల్లే మార్పిడి పూర్తవుతుంది. తరవాత స్వేదనజలంతో కడగాలి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగడం ఆగేదాకా కడిగి ఆపేయాలి. అంతకు మించి కడిగితే నీటిలోని హైడ్రోజన్ అయాన్లు సోడియం స్థానంలోకి చేరడం మొదలవుతుంది. ఉప్పు మిగిలిపోతే అది ఎండి రంధ్రాల నోళ్ల దగ్గర పేరుకుంటుంది. బంకమన్నులయితే ఉప్పు పోయేకొద్దీ అడుగుకు దిగడం మానేసి పాలలా తేలుతూ ఉంటాయి. వాటికి సెంట్రిఫ్యూజ్ గానీ డయాలిసిస్ గొట్టం గానీ కావాలి.

కడిగి ఆరబెట్టిన పొడిని డెసికేటర్‌లో సంతృప్త ఉప్పునీటి గిన్నె మీద ఓ వారం ఉంచాలని మా సలహా. అక్కడ తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది, నమూనాలన్నీ ఒకే స్థాయికి నీటిని తీసుకుంటాయి. ఆ తరవాత పది మిల్లీగ్రాములు తీసి వేడిచేస్తూ బరువు తగ్గుదల గ్రాఫు గీయిస్తే నీరు ఎక్కడ పోతోంది, ఎక్కడ చట్రపు హైడ్రాక్సిల్‌లు విడిపోవడం మొదలవుతోంది అన్నది కనిపిస్తుంది. ఈ రెండిటి నడుమ ఉన్న చదునైన భాగంలోనే డీగ్యాసింగ్ (వాక్యూమ్‌లో వేడిచేసి రంధ్రాలను ఖాళీ చేయడం) ఉష్ణోగ్రతను ఎంచుకోవాలి. ఇంకొక పరిశోధనా పత్రంలో 300 డిగ్రీలు అని రాసి ఉందని మనమూ 300 పెట్టడం సరైన కారణం కాదు.

ఇక డీగ్యాసింగ్. తడి జియోలైట్‌ను గాజు ట్యూబులో పెట్టి నేరుగా 350 డిగ్రీలకు ఎక్కిస్తే లోపలి నీరంతా ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోయే దారి చాలక, ఆ వేడి ఆవిరే స్ఫటికం మీద దాడిచేస్తుంది. సిలికాన్‌కూ అల్యూమినియానికీ మధ్య ఆక్సిజన్ బంధాలు తెగి అల్యూమినియం చట్రం నుంచి ఊడి రంధ్రాల్లో పడుతుంది. హైడ్రోజన్, అమ్మోనియం రూపాల్లో ఉన్నవాటికి ఈ దెబ్బ మరీ ఎక్కువ. అందుకే మొదట గది ఉష్ణోగ్రతలోనే వాల్వును కొద్దికొద్దిగా తెరిచి పీడనం కొన్ని మిల్లీబార్లకు దిగేదాకా ఓపిక పట్టాలి. ఆ తరవాత నిమిషానికి 1 లేదా 2 డిగ్రీల చొప్పున 100 నుంచి 110 దాకా తీసుకెళ్లి, పీడనం తగ్గి నిలబడేదాకా రెండు మూడు గంటలు అక్కడే ఆపాలి. నీటిలో ఎక్కువ పాలు ఇక్కడే పోతుంది. తరవాతే పైకి. క్లైనోప్టిలోలైట్, మోర్డెనైట్, 13ఎక్స్ లాంటివాటికి 300 నుంచి 350 డిగ్రీల దగ్గర రాత్రంతా. వాక్యూమ్ చివరికి 0.001 మిల్లీబారు కంటే తక్కువకు దిగాలి. పొడి నైట్రోజన్ ఊదుతూ వేడిచేసే పద్ధతి పెద్ద రంధ్రాలకు సరిపోతుంది గానీ రెండు నానోమీటర్లలోపు రంధ్రాలను అది పూర్తిగా ఖాళీ చేయలేదు.

ఇంకో మాట, తెర మీద కనిపించే ఉష్ణోగ్రత హీటరుది. వాక్యూమ్‌లో పొడి గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. నడిమధ్య ఉన్న పొడి అదే ఉష్ణోగ్రతకు చేరడానికి చాలాసేపు పడుతుంది. పలుచని పొరగా పరచడం, సమయాన్ని హీటరు ఉష్ణోగ్రత చేరినప్పటి నుంచి కాక ఒక గంట తరవాత నుంచి లెక్కపెట్టడం మంచి అలవాటు.

ఖాళీ అయిందో లేదో తెలుసుకోవడానికి వేడి తగ్గించకముందే పంపు వైపు వాల్వు మూసి పదిహేను నిమిషాలు పీడనాన్ని గమనించాలి. సరళరేఖలా ఆగకుండా పెరుగుతూ పోతే ఎక్కడో లీకు ఉంది. ఓ-రింగు మీద వెంట్రుకో పొడో పడి ఉంటుంది. మొదట్లో పెరిగి తరవాత వంగి నిలబడితే నమూనాయే ఇంకా నీటిని వదులుతోందని అర్థం, మళ్లీ పంపు తెరిచి కొనసాగించాలి. దాదాపు కదలకపోతే పని అయినట్టే.

తూకం దగ్గర జరిగే తప్పు అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే సులువుగా తప్పించుకోగలిగినదీ. గాలిలో ఉన్న పొడిని తూచి, అదే బరువుతో ఫలితాన్ని భాగిస్తే, 15 శాతం నీరున్న ఖనిజానికి ఫలితం 15 శాతం తక్కువ వస్తుంది. ఇది చాలామందికి తెలుసు. డీగ్యాసింగ్ తరవాత తూచేవాళ్లకు ఇంకో గుంట ఉంది. ట్యూబు లోపలి ఘనపరిమాణం 20 మిల్లీలీటర్లు అనుకుందాం. 20 డిగ్రీల దగ్గర ఒక మిల్లీలీటరు గాలి బరువు 1.2 మిల్లీగ్రాములు, నైట్రోజన్ 1.16, హీలియం 0.17. ఖాళీ ట్యూబును గాలితో తూచి, డీగ్యాసింగ్ అయ్యాక హీలియం నింపి తూస్తే ఒక్క వాయువు తేడాతోనే బరువు దాదాపు 21 మిల్లీగ్రాములు తగ్గినట్టు కనిపిస్తుంది. ట్యూబులో ఉన్నది 100 మిల్లీగ్రాముల ఖనిజమే అయితే అది 79 అని నమోదవుతుంది. గ్రాముకు పట్టుకున్న వాయువు నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు తేలుతుంది! ఎక్కడా పరికరం చెడలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా అంకె తప్పు. ఖాళీ ట్యూబునూ నిండిన ట్యూబునూ ఒకే వాయువుతో, ఒకే మూతతో, ఒకే గాజు కడ్డీతో తూచాలి. సన్న రంధ్రాల ఖనిజాలకు ఆ వాయువు నైట్రోజన్ అయితే మంచిది. చేతి తొడుగులు వేసుకోవాలి, ట్యూబు గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. ప్రయోగం ముగిశాక మళ్లీ తూచి రెండు తూకాలూ అర మిల్లీగ్రాములోపు కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే పొడి ఎగిరిపోయి ఉంటుంది, లేదా నీరు పూర్తిగా పోయి ఉండదు.

ఎంత ఖనిజం తీసుకోవాలన్నదానికి బరువు కంటే ఉపరితలమే కొలబద్ద. ట్యూబులో మొత్తం 20 నుంచి 100 చదరపు మీటర్లు ఉండేట్టు చూసుకోవాలి. గ్రాముకు 600 చదరపు మీటర్లున్న జియోలైట్‌కు 100 మిల్లీగ్రాములు చాలు. గ్రాముకు 10 చదరపు మీటర్లున్న డయాటమైట్‌కు రెండు మూడు గ్రాములు కావాలి. 50 మిల్లీగ్రాముల కంటే దిగితే తూకపు దోషమే పెద్దదైపోతుంది.

ట్యూబులోని ఖాళీ జాగాను హీలియంతో కొలవడం ఆనవాయితీ. కానీ ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, అంటే 77 కెల్విన్ దగ్గర, అతి సన్నని రంధ్రాల్లో హీలియం చిక్కుకుపోయి తరవాతి కొలతలను పాడుచేస్తుంది. ఖాళీ జాగాను ప్రయోగం చివర్లో కొలవడం, లేదా కొలిచాక మళ్లీ వేడిచేసి వాక్యూమ్ పెట్టడం దీనికి విరుగుడు.

ఏ వాయువుతో కొలవాలన్నది కూడా తయారీలో భాగంగానే ఆలోచించాలి. నైట్రోజన్ అణువు అయాన్ల వైపు ఒక ప్రత్యేక దిశలో తిరిగి అంటుకుంటుంది. ఆ కారణంగానే సన్న రంధ్రాలకు 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్ వాడమని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఐయూపాక్ 2015లో సిఫారసు చేసింది. సహజ క్లైనోప్టిలోలైట్‌ను 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్‌తో కొలిస్తే గ్రాముకు కొన్ని పదుల చదరపు మీటర్లు మాత్రమే వస్తాయి. ఆ చల్లదనంలో అయాన్లు అడ్డుగా ఉన్న ద్వారాల గుండా అణువులు లోపలికి వెళ్లలేవు. అదే ఖనిజం 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను చక్కగా లోపలికి రానిస్తుంది. కాబట్టి నైట్రోజన్ ఉపరితలం తక్కువ వచ్చిందని ఆ ఖనిజాన్ని పక్కన పడేయకూడదు.

లెక్కల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఉపరితలం లెక్కకట్టడానికి 1938లో బ్రూనౌర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చిన సమీకరణాన్ని ఏ పీడన పరిధికి వర్తింపజేశారన్నదాన్ని బట్టి ఉపరితలం మారిపోతుంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో 61 ప్రయోగశాలలకు అవే 18 అధిశోషణ గ్రాఫులు ఇచ్చి లెక్కకట్టమంటే జవాబులు ఒకదానికొకటి కలవలేదు. ఎంచుకున్న పరిధిని రాయడం అందుకే తప్పనిసరి.

తన పద్ధతి సరిగ్గా ఉందో లేదో ప్రయోగశాల తానే పరీక్షించుకునే వీలుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దగ్గర ఆర్‌ఎం 8852 అనే అమ్మోనియం జెడ్‌ఎస్‌ఎం-5 జియోలైట్ ప్రమాణ నమూనా ఉంది. 20 డిగ్రీల దగ్గర, 4.5 మెగాపాస్కల్‌ల దాకా అది కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత పట్టుకుంటుందో చూపే ప్రామాణిక గ్రాఫు అనేక ప్రయోగశాలలు కలిసి కొలిచి 2018లో ప్రచురించారు. దాన్ని చెప్పిన పద్ధతిలో తయారుచేసి కొలిచి, ఆ గ్రాఫు మీద పడిందో లేదో చూసుకున్నాకే సొంత ఖనిజం జోలికి వెళ్లడం మేలు. అంత వసతి లేనివాళ్లు కనీసం ఒకే నమూనాను రెండోసారి వేడిచేసి ఖాళీచేసి మళ్లీ కొలవాలి. రెండోసారి ఎక్కువ వస్తే మొదటిసారి నీరు మిగిలింది. తక్కువ వస్తే చట్రం దెబ్బతింటోంది.

పత్రికకు మా విన్నపం ఇదీ. ఇలాంటి వార్త వేసేటప్పుడు విలేఖరి పరిశోధకులను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఖనిజం ఏది, అందులో ఉన్న అయాన్ ఏది? ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంతసేపు, ఎంత వాక్యూమ్‌లో ఖాళీచేశారు? గ్రాము అంటే పొడి గ్రామా, తడి గ్రామా? కొలిచినప్పుడు వాయువు పీడనం, ఉష్ణోగ్రత ఎంత, అందులో తేమ ఉందా? చివరి ప్రశ్న పొగగొట్టాల నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే పదార్థాల విషయంలో మరీ ముఖ్యం. ప్రయోగశాలలో ఒక బారు పీడనం దగ్గర పొడిగా ఉన్న స్వచ్ఛమైన వాయువుతో వచ్చిన అంకె, బొగ్గు పొగలో 15 శాతం మాత్రమే ఉన్న తడి వాయువుకు వర్తించదు. 13ఎక్స్ లాంటి జియోలైట్‌లో ఆ తేమే చోటంతా ఆక్రమించేస్తుంది. ఈ నాలుగు జవాబులూ కలిపితే వార్తలో రెండు వాక్యాలకు మించవు. జవాబులు దొరకని పక్షంలో అంకె వేయకుండా పరిశోధన గురించి మాత్రమే రాయాలని కోరుతున్నాం.

ఇట్లు,
అధిశోషణ ప్రయోగాల పనిలో ఉన్న పాఠకులు